డోలీ ఎక్కిన ముల్లంగి జాడీ

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. బడి కూడా పెద్దగా బెంగపెట్టుకున్న దాఖలాలు లేవు. ఆ తరవాత తాపీ పనిలో ఇసుక మోశాను, ఇటుకలు అందించాను, చివరికి సముద్రం ఒడ్డున జరుగుతున్న పురావస్తు తవ్వకాల్లో గొయ్యి తవ్వే కూలీగా చేరాను. అక్కడి నుంచి ముప్పై ఏళ్లకు పైగా నా పని ఒక్కటే. మట్టిలోంచి వచ్చిన కుండపెంకుల్ని కడగడం, ఆరబెట్టడం, రకాలుగా వేరుచేయడం, అతకడం. పార్వతీపురం దగ్గర మా ఊళ్లో ఇప్పటికీ నన్ను పెంకుల అప్పలస్వామి అంటారు. అసలు ఇంటిపేరు ఊరు మరిచిపోయింది. అప్పుడప్పుడు నేనూ మరిచిపోతాను.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల్ని చూస్తున్నాను. డిగ్రీలున్నాయి, ల్యాప్‌టాప్‌లున్నాయి, గుండ్రటి టోపీలున్నాయి. పెంకును మాత్రం బిస్కెట్టు పట్టుకున్నట్టు అంచు పట్టుకుని తీస్తారు. అతకాల్సింది ఆ అంచునే. అది అరిగిపోతే పక్క పెంకు దాన్ని గుర్తుపట్టదు. అందుకని నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను. ఎవరికెప్పుడు ప్రమోషన్ వచ్చింది, ఏ ఫైలు ఏ బీరువాలో నిద్రపోయింది అన్నవి ఇందులో ఉండవు. ఒక జాడీ ఉంటుంది, ఒక మేడమ్ ఉంటారు, నా తప్పులు ఉంటాయి. తప్పులు కాస్త ఎక్కువే ఉంటాయి.

అల్లం దంచిన ముక్క

గోతిలో ఎక్కువ మాట్లాడుతున్నానని నన్ను పెంకుల షెడ్డుకు పంపించారు. పెంకులు ఎదురు మాట్లాడవు కదా అని వాళ్ల ఆలోచన. తవ్వకం నడిపించేది శారదాంబ మేడమ్. పొట్టిగా, సన్నగా ఉండేవారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని దాని కోసమే షెడ్డంతా వెతికేవారు. కానీ పదడుగుల దూరంలో ఉన్న పెంకు ఏ కాలానిదో కళ్లజోడు లేకుండానే చెప్పేవారు.

చేరిన వారానికి కుప్పలో నాకొక గట్టి మట్టిముక్క దొరికింది. జానెడు పొడవు, పైన పిడికిలికి సరిపోయేంత లావు, కిందికి పోనుపోను సన్నబడి మొనదేరింది. చూడగానే అది దేనికి పనికొస్తుందో నాకు తెలిసిపోయింది. శుభ్రంగా కడిగి, నాలుగు రోజులు దాంతో టీలోకి అల్లం దంచాను. ఐదో రోజు టీ కోసం వచ్చిన మేడమ్ నా చేతిలో దాన్ని చూసి కళ్లజోడు కిందికి దించారు.

"అప్పలస్వామీ, అది ఇటలీ నుంచి వచ్చింది."

"అందుకే మేడమ్, అల్లం బాగా నలుగుతన్నాది."

ఆవిడ నవ్వలేదు. టీ మాత్రం మొత్తం తాగారు. తాగాక నన్ను కూర్చోబెట్టి చెప్పారు. అది ఆంఫోరా అనే జాడీ అడుగు. రెండు వేల ఏళ్ల కిందట గ్రీకులు, రోమన్లు ద్రాక్షసారా, ఆలివ్ నూనె, చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసిన పులుసు ఇలాంటి జాడీల్లో పోసి ఓడలకెక్కించేవాళ్లు. పొడవాటి మెడ, అటూ ఇటూ రెండు చెవులు, బొద్దుగా ఒళ్లు, కింద మొన. మా షెడ్డులో ఆంఫోరా అనడానికి ఎవరికీ నోరు తిరగలేదు. ఆకారాన్ని బట్టి ముల్లంగి జాడీ అన్నాం. మేడమ్ రెండు నెలలు వద్దు వద్దన్నారు. మూడో నెలలో తనే వచ్చి, ఇవాళ ముల్లంగి పెంకులు ఎన్ని వచ్చాయని అడిగారు.

నిలబడని జాడీ చేసినవాడికి బుర్ర ఉందా అని నేను అడిగాను. పార్వతీపురం మార్కెట్లో హమాలీలు బస్తాలు ఎలా పేరుస్తారో గుర్తుచేసుకోమన్నారు. రెండు బస్తాల మధ్య సందులో పై బస్తా కూర్చుంటుంది. ఓడలో కూడా అంతే. కింద వరస జాడీల భుజాల మధ్య సందుల్లోకి పై వరస మొనలు దిగేవి. అల ఎంత ఊపినా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండేవి. ఒంపేటప్పుడు ఒక చెయ్యి చెవి మీద, ఒక చెయ్యి మొన మీద. గట్టు మీదికి చేరాక ఇసుకలో గుచ్చడమే. మెడ మీద సిరాతో రాతలుండేవి. సరుకేమిటి, పంపిందెవరు, తనిఖీ చేసిందెవరు. దారిలో దాన్ని పట్టుకున్న చేతులు తమ గుర్తు వేసి పంపేవన్నమాట. ఆ చివరి మాట అప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు.

పిల్లలూ, దొరికిన వస్తువు దేనికి పనికొస్తుందో చూడగానే తెలిసిపోయిందా? ఆగండి. ముందు అల్లం పక్కన పెట్టండి.

మెరిసిన పెంకులు

రెండో తప్పుకు నవ్వడానికేమీ లేదు. మరుసటి ఏడాది ఒకే గోతిలో ముల్లంగి పెంకులు బుట్టల కొద్దీ వచ్చాయి. ఎర్రమట్టిలో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రేణువులు. అగ్నిపర్వతం పక్కనున్న ఊళ్ల మట్టి అలాగే ఉంటుందట. పెంకుల లోపలి వైపు మాత్రం అడుగంటిన పాలగిన్నెలా నల్లగా ఏదో పట్టింది. మేడమ్ ఊళ్లో లేరు. ఆవిడొచ్చే లోపల మెచ్చుకోలు కొట్టేద్దామని సబ్బునీళ్లు, నైలాను బ్రష్షు పెట్టి ఒక బుట్టెడు పెంకులు తోమి పారేశాను. పెళ్లికి తీసిన ఇత్తడి సామానులా మెరిశాయి.

మేడమ్ వచ్చి చూశారు. తిట్టే అధికారి తిట్టకపోతే ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. తోమకుండా మిగిలిన ఇంకో బుట్టలోంచి ఒక పెంకు తీసి, గోరంత నల్లటి పొర గీకి, స్టవ్వు మీద వేడెక్కిన గరిటెలో వేశారు. సన్నగా పొగ లేచింది. సాంబ్రాణికి దూరపు చుట్టంలాంటి వాసన. సారా కారిపోకుండా జాడీ లోపల పైన్ చెట్టు జిగురు కాచి పూసేవాళ్లని చెప్పారు.

"ఆ జాడీలో ఏముండేదో చెప్పడానికి ఒకే ఒక్క సాక్షి మిగిలింది అప్పలస్వామీ. దాన్ని నువ్వు సబ్బు పెట్టి తోమేశావు."

ఆ బుట్టలోని పెంకులు ఇంకెప్పటికీ ఏమీ చెప్పవు. నేను మాట్లాడటం తగ్గించుకున్న ఏకైక వారం అదే. మురికి అనే మాటను ఈ పనిలో తొందరపడి వాడకండి. అది మురికో, మాటో తేలేదాకా బ్రష్షు జేబులోనే ఉండాలి.

రెండు శీతాకాలాల అతుకు

తోమకుండా మిగిలిన బుట్టలో ఒకే జాడీ తాలూకు పెంకులు చాలా ఉన్నాయని మేడమ్ పట్టేశారు. నాకు అప్పగించారు. ప్రాయశ్చిత్తం అనలేదుగానీ అదే. రెండు శీతాకాలాలు పట్టింది.

అతకడం గురించి పుస్తకాలు రాసినవాళ్లున్నారు, నేను వంటలా చెబుతాను. ట్రే నిండా ఇసుక పోసుకోండి. అతికించిన పెంకును అందులో గుచ్చి, పై పెంకు బరువు అతుకు మీద నిటారుగా పడేలా చూసుకుని వదిలేయండి, అది ఆరుతుంది. ఆరేదాకా ఊదకండి, తట్టకండి, ఎవరికీ చూపించకండి. మళ్లీ ఊడదీయడానికి వీలున్న జిగురే వాడండి, ఎందుకంటే మీరు తప్పు చేస్తారు. నేను మెడ వైపు నుంచి మొదలుపెట్టి, కిందికి వచ్చేసరికి చివరి మూడు పెంకులకు చోటు లేకుండా చేసుకున్నాను. అంతా ఊడదీసి మొన నుంచి మళ్లీ మొదలుపెట్టాను. దొరకని చోట్ల ప్లాస్టర్ నింపి, ఇది పాతది కాదని తెలిసేలా కాస్త లేత రంగు వేశాను. చివరికి నా నడుం దాకా వచ్చే ముల్లంగి తయారైంది. మూడొంతులు ఇటలీ, ఒక వంతు మా షెడ్డు. లోపలి నల్లపొరను వేలితో కూడా ముట్టుకోలేదు.

కొండెక్కాలన్నారు

పన్నెండేళ్ల కిందట అరకు లోయలోని ఓ చిన్న మ్యూజియంలో మన్యం బడిపిల్లల కోసం రెండు రోజుల ప్రదర్శన పెట్టారు. మామూలుగా అలాంటివాటికి ఫోటోలు పంపిస్తారు. మేడమ్ మాత్రం అసలు జాడీయే వెళ్లాలని పట్టుబట్టారు. సముద్రం కూడా చూడని పిల్లలకు సముద్రం దాటొచ్చిన జాడీని కాగితం మీద చూపిస్తారా అని పెద్దాఫీసుతో పోట్లాడారు. పెద్దాఫీసు డైరెక్టరు గారు ఒప్పుకుంటూ ఒక ఉత్తరం పంపారు. జాడీకి పగులు గానీ మరక గానీ కనిపించిందా, ఇకపై అసలు వస్తువేదీ ఘాటు రోడ్డు ఎక్కదు. మొదటి రోజు పొద్దున్నే తనే వచ్చి చూస్తానన్నారు.

అంటే ఆ ఒక్క జాడీ మీద కొండ మీది పిల్లలందరూ అసలు వస్తువులు చూసే అవకాశం ఆధారపడింది. నాకు ఆకలి మందగించింది. నన్నెరిగినవాళ్లకు అది ఎంత పెద్ద విషయమో తెలుసు.

రైల్లో బొర్రా మీదుగా తీసుకెళదామా అనుకున్నాం. సెలవుల రద్దీలో జాడీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే టికెట్ లేని మూడో మనిషి అనుకుంటారని మానుకున్నాం. చెక్కపెట్టె, పెట్టె నిండా స్పంజీ, ఇనప స్టాండు, జీపు, ముందు సీట్లో మేడమ్, వెనక పెట్టెను కావలించుకుని నేను. అనంతగిరి దాటాక ఒక మలుపు తిరిగేసరికి రోడ్డు లేదు. రోడ్డుండాల్సిన చోట కొండ కూర్చుంది. ముందురోజు వానకు బండరాళ్లు జారాయి. తీయడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ప్రదర్శన రేపు.

రాళ్లకు ఇటుపక్క గట్టు మీద నలుగురు గిరిజనులు కూర్చుని మమ్మల్ని తీరిగ్గా చూస్తున్నారు. అందులో పెద్దాయన పేరు సుక్రన్న. పక్కనున్నది ఆయన తమ్ముడి కొడుకు దొన్ను. సుక్రన్న దిగి వచ్చి పెట్టెలోకి తొంగి చూశాడు.

"ఇది కూకుంటాదేటి బాబూ?"

"కూకోదు. నిలబడదు. మా మేడమ్ మాట తప్ప ఎవరి మాటా ఇనదు" అన్నాను.

"మరి దీన్ని పెట్టెలో నిలబెట్టీసేరేటి? కూకోనేని మనిసిని ఎలాగ మోత్తాం మేం?"

అడ్డదారిన గెడ్డ, అంటే కొండవాగు, దాటి, కాఫీ తోటల్లోంచి ఎక్కితే అవతల రోడ్డు తగులుతుందట. సుక్రన్న ఊళ్లోకి వెళ్లి డోలీ తెచ్చాడు. పొడవాటి లావు కర్ర, దానికి రెండు కొసల్లో ముడేసిన దుప్పటి. రోడ్డు లేని ఊళ్లలో జబ్బుపడ్డవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఆస్పత్రికి వెళ్లేది అందులోనే. ఇది మనం సిగ్గుపడాల్సిన సంగతని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే ఆ రోజు మేడమ్ మొహం చూడాలి. కళ్లజోడు పైకీ కిందికీ రెండుసార్లు కదిలింది. రోమన్ల కాలపు బొమ్మ ఒకటుందట. ఇద్దరు మనుషులు, భుజాల మీద కర్ర, మధ్యలో వేలాడుతున్న ఆంఫోరా. ఇన్నాళ్లూ ఆ బొమ్మను పుస్తకంలో చూశాను, ఇవాళ దాని వెనకాల నడవబోతున్నానని ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు. ఇనప స్టాండు బరువని జీపులోనే వదిలేశాం.

పసుపు

దుప్పటిలో జాడీని పడుకోబెట్టి కప్పాక బయటికి ఒక నిండు పొట్ట మాత్రమే కనిపించింది. ముందు సుక్రన్న, వెనక దొన్ను. నా చేతులు జాడీ కింద గాల్లోనే ఉన్నాయి, ఏ పనీ లేకుండా.

గెడ్డ మధ్యలో నాచు పట్టిన రాయి మీద దొన్ను కాలు జారింది. మోకాలి మీద పడ్డాడు, భుజం మీది కర్ర మాత్రం వదల్లేదు. జాడీ ఉయ్యాలలా అటూ ఇటూ రెండుసార్లు ఊగి ఆగింది. పెట్టెలో ఉంటే ఆ దెబ్బకు నా రెండు శీతాకాలాలూ గెడ్డలో కలిసిపోయేవి. ఒడ్డుకు చేరాం. మోసినవాళ్లకు లేని దాహం నాకు వేసింది.

అక్కడే ఓ చదునైన బండ ఉంది. సుక్రన్న దాని మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ చెప్పాడు.

"ఈ కర్రతోనే మా కోడల్ని మోసేం బాబూ. ఆస్పత్రి దాకా ఆగనేదు, ఈ బండ మీదే కనీసింది. ఆడగుంట. గురువారం పుట్టిందని గురుబారి అన్నాం. ఆ గుంట రేపు బడోళ్లతో దీన్ని సూడ్డానికొత్తాది. పగిలిపోతే దానికేటి సెప్పాల నేను?"

ఆయన దుప్పటి కొస తీసి జాడీ మూతిలోకి చూశాడు, లోపలి నలుపు చూసి తల ఊపాడు. వాళ్ల తాత కల్లు కుండలు కారకుండా లోపల గుగ్గిలం కాచి పూసేవాడట, ఇదీ అలాంటిదేనా అని అడిగాడు. మేడమ్ గబగబా నోటు పుస్తకం తీశారు. నాకు బుట్టెడు పెంకులు ఖర్చయితేగానీ రాని పాఠం ఆయనకు ఒక్క చూపుతో వచ్చేసింది.

గట్టెక్కాక ఒక ఊరు. డోలీ కనిపించగానే ఆడవాళ్లు పనులు వదిలి దారికి వచ్చారు. ఓ ముసలమ్మ నా పక్కన నడుస్తూ, పొట్ట వైపు చూసి అడిగింది.

"ఎన్నో నెల బాబూ?"

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. "నెలలు ఎప్పుడో దాటిపోనాయి అమ్మా, రెండు వేల ఏళ్లు నిండినాయి" అన్నాను.

ఆవిడ ఆగమని చెయ్యెత్తింది. డోలీ ఆగింది. దుప్పటి తీసి చూసి, నన్ను పైనుంచి కిందిదాకా ఒక చూపు చూసి, గిరుక్కున ఇంట్లోకి వెళ్లింది. కోపం వచ్చిందేమో అనుకున్నాను. తడిపిన పసుపు ముద్దతో తిరిగొచ్చింది.

"కొత్త కుండ ఊల్లోకొత్తే పసుపెట్టకుండా పోనిత్తామేటి" అంటూ జాడీ పొట్ట మీద మూడు వేళ్లతో నిలువునా రాసేసింది. "బేగి తీసుకెల్లండ్రా, మరింక ఊపకండి."

ఉత్తరంలో మాట స్పష్టంగా ఉంది. పగులు గానీ, మరక గానీ. నేను మేడమ్ వైపు చూశాను. మేడమ్ ఆ ముసలమ్మకు నమస్కారం పెడుతున్నారు.

సాయంత్రానికి మ్యూజియం చేరాం. స్టాండు లేదు కాబట్టి పక్కన కడుతున్న గోడ దగ్గర నుంచి నాలుగు తట్టల ఇసుక తెచ్చి కుప్ప పోసి, మొన గుచ్చాం. కదలకుండా నిలబడింది. మేడమ్ భూతద్దం పెట్టి అతుకతుకూ చూశారు. వెంట్రుకంత పగులు లేదు. పసుపు చారలు మూడూ పడింది పెంకు మీద కాదు, లేత రంగు వేసిన నా ప్లాస్టర్ మీద. తడి దూదితో తుడిస్తే నిమిషంలో పోతుంది. దూది కోసం సంచిలో చెయ్యి పెట్టాను.

"మళ్లీ తోముతావా?" అన్నారు మేడమ్.

చెయ్యి సంచిలోనే ఉండిపోయింది.

పొద్దున డైరెక్టరు గారు రైల్లో వచ్చారు. జాడీ చుట్టూ రెండుసార్లు తిరిగి, పసుపు దగ్గర ఆగి ఇదేమిటని అడిగారు. నా ముప్పై ఏళ్లలో నేను చూసిన గొప్ప ధైర్యం ఆ తరవాతి నిమిషంలోదే. పై అధికారి ముందు మేడమ్ గొంతు కొంచెం కూడా తగ్గలేదు.

"ఆంఫోరా దారిలో పట్టుకున్నవాళ్లు గుర్తు వేసి పంపేవాళ్లు, సార్. ఇటలీలో వేసినవి చెరిగిపోయాయి. ఇది మన దారిలో పడిన గుర్తు. నిన్న వేశారు."

ఆయన వంగి చారలు మూడూ దగ్గరగా చూశారు. ఇంతలో గుమ్మం దగ్గర బడిపిల్లల గోల మొదలైంది. ఆయన పక్కకు జరిగి దారిచ్చారు. రెండు రోజులకని వచ్చిన జాడీ మళ్లీ ఘాటు దిగలేదు, అక్కడే ఉండనిమ్మని ఆయనే రాసిచ్చారు. ఆ తరవాత నాణేలు వెళ్లాయి, పూసలు వెళ్లాయి, ఇంకో రెండు కుండలు వెళ్లాయి. అన్నీ అసలువే.

పోయిన నెల

రిటైరయ్యాక పోయిన నెల మొదటిసారి అరకు వెళ్లాను, టికెట్ కొనుక్కుని మామూలు మనిషిలా. ఆ అడ్డదారి ఊళ్లకు ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది, ఆటోలు తిరుగుతున్నాయి. జాడీ ఇసుకలోనే ఉంది. దాని పక్కన గోడకు రెండు మేకుల మీద ఒక పొడవాటి కర్ర, చేతుల రాపిడికి నున్నబడింది. సుక్రన్న ఇచ్చాడట, రోడ్డు వచ్చాక మాకెందుకని.

సందర్శకులకు వివరిస్తున్న అమ్మాయి ఉద్యోగపు గుర్తింపు కార్డు మెళ్లో వేసుకుని, గుక్క తిప్పుకోకుండా చెబుతోంది. ఇటలీలో ఓడెక్కింది, మన తీరంలో దిగింది, జీపెక్కింది, డోలీ ఎక్కింది. మొనెందుకో చెప్పింది, గుగ్గిలం సంగతి చెప్పింది, వెలిసిపోయిన పసుపు చారలు చూపించింది. అతికించినవాడి ఊసే లేదు. నా పక్కనున్నాయన, అతుకులు ఎక్కడున్నాయో అసలు కనబడటం లేదే అన్నాడు. ఈ పనిలో ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు పిల్లలూ, నేను నోరు మూసుకుని అందుకున్నాను.

చివర్లో ఎవరో ఆవిణ్ని అడిగారు, ఇవన్నీ ఇంత బాగా ఎలా తెలుసమ్మా అని.

గురుబారి గోడ మీది కర్రను అరచేత్తో ఒకసారి నిమిరింది.

"తెలీకేటండి. ఇదీ నేనూ ఒకే బండిలో వచ్చేం."